పాత కంప్యూటర్ అంత చౌకగా ఎందుకొస్తుంది? ఫ్రీ ల్యాప్‌టాప్ వెనకున్న లెక్కలు

2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్ 10కి సపోర్ట్, అంటే మామూలుగా వచ్చే అప్‌డేట్స్, ఆపేశారు. అప్పట్నుంచి మన వైపు వాట్సాప్ గ్రూపుల్లో, భీమవరం దగ్గర్నుంచి అమలాపురం దాకా, "ఐ5 ల్యాప్‌టాప్, నీట్ కండిషన్, తొమ్మిది వేలే" అనే మెసేజ్‌లు తెగ తిరుగుతున్నాయి. ఇంకోపక్క అదే టైమ్‌లో ర్యామ్ రేట్లు ఎగిరిపోయాయి, ఏఐ డేటా సెంటర్లకే మెమరీ చిప్స్ అన్నీ పోతున్నాయి, మైక్రాన్ కంపెనీ అయితే 2025 డిసెంబర్లో మామూలు జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండ్‌నే ఆపేస్తున్నామని చెప్పేసింది. అంటే ఒక వార్త పాత మెషీన్ల రేటుని కిందకి లాగుతుంటే ఇంకోటి పైకి తోస్తోంది. డిగ్రీలోనో పాలిటెక్నిక్‌లోనో పిల్లాణ్ణి చేర్పించి, ఓ పాత కంప్యూటర్ చూద్దాంలే అనుకున్న నాన్నలు ఈ రెండింటి మధ్యా ఇరుక్కుపోయారు.

చౌకగా దొరికే ప్రతి కంప్యూటర్‌కీ అలా చౌకవడానికి ఓ కారణం ఉంటుందండి. కొన్ని కారణాలు మనకి అసలు పట్టనవసరం లేదు, కొన్నైతే కొంప ముంచుతాయి. "ఎంతకిస్తావ్" అని బేరం మొదలెట్టేముందు "ఇది నీ దగ్గరికి ఎలా వచ్చింది, ఎవరు ఎందుకు వదిలేశారు" అనేది తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఆ కారణాలేంటో ఒక్కొక్కటీ చూద్దాం.

సెకండ్ హ్యాండ్, రీఫర్బిష్డ్, స్క్రాప్: షాపువాడి నోట్లో మూడూ ఒకటే

సెకండ్ హ్యాండ్ అంటే ఒకరు వాడి ఉన్నదున్నట్టు అమ్మేది. రీఫర్బిష్డ్ అంటే వాడినదాన్ని విప్పి, తుడిచి, పాడైనవి మార్చి, టెస్ట్ చేసి మళ్లీ అమ్మేది. స్క్రాప్ అంటే తూకానికి పోవాల్సింది, కానీ అందులో నాలుగు చచ్చినవాటి నుంచి ఒక బతికినదాన్ని తయారుచేసేవాళ్లు ఉంటారు, అదీ రీఫర్బిష్డ్ పేరుతోనే కౌంటర్ మీదకొస్తుంది.

మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వేస్ట్ రూల్స్ అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం రీఫర్బిషింగ్ చేసేవాళ్లు సెంట్రల్ పొల్యూషన్ కంట్రోల్ బోర్డు పోర్టల్లో రిజిస్టర్ అవ్వాలి. సందు చివర రిపేర్ షాపులో అద్దం తుడిచి రీఫర్బిష్డ్ స్టిక్కర్ వేస్తే అది ఆ రూల్స్‌లో చెప్పిన రీఫర్బిష్డ్ అయిపోదు. అలాగని ఆ షాపువాడు మోసగాడనీ కాదు, చాలాసార్లు పెద్ద కంపెనీ కంటే వాడే శుభ్రంగా చేసిస్తాడు. ఇక గ్రేడ్ ఏ, గ్రేడ్ బీ అంటారే, అవి ఎవరికి వాళ్లు పెట్టుకున్నవే, అందరికీ కలిపి ఓ కొలమానం ఏమీ లేదు. ఎక్కువగా అవి గీతల గురించి, సొట్టల గురించి చెప్తాయి, లోపల బ్యాటరీ ఎంత మిగిలిందనేది ఆ అక్షరంలో కనపడదు.

మూడేళ్లకే ఆఫీసు ల్యాప్‌టాప్ రోడ్డున పడటం

డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్, లెనోవో థింక్‌ప్యాడ్. పాత మార్కెట్లో ఎక్కువ కనపడేవి ఇవే, ఎందుకంటే ఇవి కంపెనీలు వందల్లో కొనే మోడళ్లు. బాగానే పనిచేస్తున్నవాటిని వాళ్లు ఎందుకు వదిలేస్తారంటే దానికి సమాధానం అకౌంట్స్ పుస్తకాల్లో ఉంటుంది.

కంపెనీల చట్టం 2013లో షెడ్యూల్ 2 అని ఒకటుంది, అందులో డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ లాంటివాటికి పనికొచ్చే కాలం 3 ఏళ్లు అని రాశారు, సర్వర్లకైతే 6. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో ఏటా 40 శాతం తరుగు. ఒక కంపెనీ 60,000 పెట్టి ల్యాప్‌టాప్ కొందనుకోండి, మొదటి ఏడాది చివరికి పుస్తకంలో దాని విలువ 36,000, రెండో ఏడాదికి 21,600, మూడో ఏడాదికి 12,960, నాలుగో ఏడాదికి 7,776. మెషీన్ మాత్రం ఏసీ గదిలో కూర్చుని నిక్షేపంలా ఉంటుంది. దానికి తోడు వారంటీ కూడా మూడేళ్లకి తీసుకుని ఉంటారు, లీజుకి తీసుకున్నవైతే లీజు అయిపోగానే వెనక్కి వెళ్లిపోతాయి. వారంటీ లేని వెయ్యి మెషీన్లకి రిపేర్లు చేయించుకుంటూ కూర్చోవడం కంటే గుత్తగా అమ్మేయడమే వాళ్లకి తేలిక.

అలా గుత్తగా కొన్న సరుకే ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌కీ, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్‌కీ చేరుతుంది, అక్కణ్ణుంచి మన రాజమండ్రి, కాకినాడ, భీమవరం షాపులవాళ్లు కొన్ని కొన్ని తెచ్చుకుని అమ్ముతారు. కాబట్టి ఇక్కడ చౌకకి కారణం మెషీన్‌లో లోపం కాదు, పుస్తకంలో విలువ అయిపోవడం. మనకి దొరికే కారణాలన్నిటిలో మంచి కారణం ఇదేనని నా ఉద్దేశం. సీటీసీకి మనమే వెళ్తే రేటు తగ్గుద్ది కదా అంటే తగ్గుద్ది, కానీ గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో రానూపోనూ టికెట్, ఒకరోజు కూలీ లేదా సెలవు, తిండి, పైగా తర్వాత ఏదైనా తేడా వస్తే మళ్లీ అక్కడిదాకా పోవడం, ఇవన్నీ కలుపుకుంటే ఒక్క ల్యాప్‌టాప్‌కి పెద్దగా మిగలదు. ముగ్గురు నలుగురు కలిసి వెళ్తే వేరే సంగతి.

మరి ఆ ఆఫీసులు మనకే ఊరికే ఇచ్చేయొచ్చుగా?

అందరూ అడిగే ప్రశ్నే ఇది. బ్యాంకులో, కాలేజీలో, కలెక్టరేట్‌లో మూలన గుట్టగా పడున్నవి దుమ్ము పట్టిపోతుంటే కడుపు మండుద్ది. కానీ దానికీ అడ్డాలున్నాయి.

ఈ-వేస్ట్ రూల్స్‌లో బల్క్ కన్స్యూమర్ అని ఒక మాట ఉంది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా 1000 ఎలక్ట్రానిక్ వస్తువులు వాడిన సంస్థ ఏదైనా ఆ కిందకొస్తుంది. పెద్ద ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబుల కంప్యూటర్లు, ప్రింటర్లు, ఏసీలు కలిపితే ఆ సంఖ్య దాటడం కష్టమేం కాదు. అలాంటి సంస్థలు ఈ-వేస్ట్‌ని రిజిస్టర్ అయిన వాళ్లకే అప్పగించాలి. పనిచేసే కంప్యూటర్‌ని దానంగా ఇవ్వడం వేరు, వేస్ట్ వదిలించుకోవడం వేరు, కానీ ఏది ఎక్కడ వేస్ట్ అవుద్దో అని సంతకం పెట్టాల్సిన ఆఫీసర్ భయపడతాడు. ప్రభుత్వ ఆఫీసులైతే వేలం పెట్టాలి, ప్రభుత్వ జెమ్ పోర్టల్లోనో, వేలాలు నడిపే ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ద్వారానో లాట్లుగా పోతాయి. ఒక లాట్‌లో యాభై సీపీయూలు, విరిగిన కుర్చీలు, పాత ఏసీ అన్నీ కలిపి ఉంటే ఒక్క కంప్యూటర్ కావాల్సినవాడు ఏం పాడతాడు.

రెండో అడ్డం డేటా. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో డేటాని సరిగ్గా కాపాడకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. అందుకే చాలా కంపెనీలు హార్డ్ డిస్క్ పీకేసి, ముక్కలు చేయించి, మిగతాది మాత్రమే బయటికి వదులుతాయి. షాపులో "సర్ దీనికి డిస్క్ లేదు, మీరే వేయించుకోవాలి" అన్నాడంటే వెంటనే అనుమానపడక్కర్లేదు. పైగా హార్డ్ డిస్క్ బదులు వేగంగా నడిచే కొత్త ఎస్ఎస్‌డీ వేసుకోవడం మనకే మంచిది.

ఇచ్చేవాళ్లు లేరని కాదు. చిన్న ప్రైవేటు ఆఫీసులు, ట్యూషన్ సెంటర్లు, మూతపడిన నెట్ సెంటర్లు, డీటీపీ షాపులు ఈ లెక్కల్లోకి రావు, అక్కడ అడిగితే ఇచ్చేవాళ్లు ఉంటారు. అడగడమే మనకి మొహమాటం.

విండోస్ 11 ఎక్కని మెషీన్ మీద రెండు వాదనలు

ఇప్పుడు మార్కెట్లోకి ఎక్కువగా వచ్చిపడుతున్నవి ఇవే. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచి మొదలు. ఎనిమిదో జనరేషన్ 2017లో వచ్చింది. అంటే 2015, 16 నాటి ఆరో జనరేషన్ ల్యాప్‌టాప్ ఎంత బాగున్నా లిస్టులో లేనట్టే. మెషీన్‌కి ఏ రోగం లేదు, అర్హత పోయిందంతే.

సెక్యూరిటీ తెలిసినవాళ్లు ఏమంటారంటే, అప్‌డేట్స్ రాని విండోస్ మీద నెట్ బ్యాంకింగ్, ఆధార్ పనులు చేయడం ప్రమాదం, కొత్తగా బయటపడే కన్నాలు ఎవరూ పూడ్చరు అని. ఆ మాటలో నిజం ఉంది. షాపులవాళ్లు ఏమంటారంటే, విండోస్ 7 ఆపేసిన తర్వాత కూడా మిల్లుల్లో, మెడికల్ షాపుల్లో ఏళ్లతరబడి నడిచింది కదండీ, ఏమైంది అని. అదీ నిజమే, కాకపోతే ఏమీ కానివాళ్ల సంగతే మనకి తెలుస్తుంది. మధ్యలో మైక్రోసాఫ్ట్ వాళ్లే ఇంటి వాడకందార్లకి ఒక ఏడాది ఎక్స్‌టెన్షన్ పెట్టారు, ఈఎస్‌యూ అంటారు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్స్ వస్తాయి. అది అరువు తెచ్చుకున్న కాలం అనుకోండి.

ఇక్కడో మెలిక ఉంది. టీపీఎం చెకింగ్‌ని దాటించి విండోస్ 11 ఎక్కించే పద్ధతులున్నాయి, ఆరో జనరేషన్ మీద అలా వేసి "విండోస్ 11 ల్యాప్‌టాప్" అని వెయ్యో రెండువేలో ఎక్కువకి అమ్ముతున్నారు. పనిచేస్తుంది, కానీ ముందుముందు అప్‌డేట్స్ వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ వచ్చినప్పుడు బాగా పాతవైన కోర్ 2 డ్యూయో మెషీన్లు అసలు బూటే అవ్వడం మానేశాయి. మోసం అనలేం గానీ ఆ ఎక్స్‌ట్రా రెండువేలు దేనికిస్తున్నామో తెలిసే ఇవ్వాలి.

విండోస్ బదులు లైనక్స్ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే ఈ గొడవంతా పోద్ది అనేది మూడో దారి. లైనక్స్ మింట్ 22కి 2029 దాకా సపోర్ట్ ఉంది, ఫ్రీ, 4 జీబీ ర్యామ్‌లో హాయిగా నడుస్తుంది. గూగుల్ వాళ్ల క్రోమ్ఓఎస్ ఫ్లెక్స్ కూడా ఇలాంటిదే. ఇంటర్నెట్, యూట్యూబ్, ప్రాజెక్ట్ రిపోర్టులు, సీ, పైథాన్, జావా ప్రోగ్రాములు, ఇవన్నీ లైనక్స్‌లో ఇంకా బాగా నడుస్తాయి. అయితే బీకామ్ చదివే అమ్మాయికి ట్యాలీ కావాలి, అది విండోస్‌దే. సివిల్ డిప్లొమా కుర్రాడికి ఆటోక్యాడ్ కావాలి, అదీ లైనక్స్ మీద ఎక్కదు. పెళ్లి కార్డులు, కరపత్రాలు డిజైన్ చేసుకుని బతుకుదామనుకున్నవాడికి పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కి అను స్క్రిప్ట్ లేకపోతే చెయ్యి కట్టేసినట్టే, మన డీటీపీ లోకమంతా ఇంకా వాటిమీదే ఉంది. కాబట్టి విండోస్ 11 ఎక్కని మెషీన్ ఎవరికి వరం ఎవరికి గుదిబండ అనేది చదువుని బట్టి మారుతుంది. కంప్యూటర్ సైన్స్ పిల్లాడికైతే నేను కళ్లు మూసుకుని దాన్నే కొనమంటా.

ఐ7 అని చెప్పి అమ్మేవాటి నంబర్ చదవడం

జనాలు ప్రాసెసర్ పేరులో ఐ3, ఐ5, ఐ7 చూసి ఐ7 గొప్ప అనుకుంటారు, అమ్మేవాళ్లూ అదే పెద్ద అక్షరాల్లో రాస్తారు. అసలు సంగతి గీత తర్వాత అంకెల్లో ఉంది. ఐ5-6300యూ అంటే ఆరో జనరేషన్, ఐ5-8250యూ అంటే ఎనిమిది. ఐ5-10210యూ అంటే పది, ఐ5-1135జీ7 అంటే పదకొండు, ఈ చివరి రెండిటికీ మొదటి రెండు అంకెలు కలిపి చదవాలి.

ఐ7-2620ఎం తీసుకోండి, పేరుకి ఐ7, కానీ రెండో జనరేషన్, 2011 నాటిది, రెండే కోర్లు, 35 వాట్లు తాగుతుంది. ఐ5-8250యూకి నాలుగు కోర్లు, 15 వాట్లు. బ్యాటరీ మీద, వేడి మీద, వేగం మీద అన్నిట్లో రెండోదే పైచేయి. "ఐ7 అండి, పదకొండు వేలకిస్తా" అంటే జనరేషన్ అడగ్గానే కొంతమంది గొంతు సన్నబడుద్ది.

ర్యామ్ సంగతి ఇదివరకు వేరుగా ఉండేది. 4 జీబీది కొనుక్కుని తర్వాత ఇంకో నాలుగు వేయించుకుందాంలే అనుకునేవాళ్లం. ఇప్పుడు రేట్లు పెరిగాక ముందే 8 జీబీ ఉన్నదానికి వెయ్యి ఎక్కువిచ్చినా అదే లాభం. పైగా నాలుగు, ఐదో జనరేషన్ ల్యాప్‌టాప్‌లకి డీడీఆర్3 రకం ర్యామ్, ఆరు నుంచి ఎక్కువగా డీడీఆర్4, ఒకదాంది ఇంకోదానికి ఎక్కదు. సన్నగా ఉండే మోడళ్లలో కొన్నిటికి ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, పెంచడం కుదరదు. ఇక హార్డ్ డిస్క్ ఉన్న పాత మెషీన్ నత్తలా నడుస్తుంటే ప్రాసెసర్ని తిట్టక్కర్లేదు, ఎస్ఎస్‌డీ వేస్తే అదే మెషీన్ మనం గుర్తుపట్టలేనంతగా మారిపోద్ది.

ఊరికే వచ్చిన డెస్క్‌టాప్ ఖరీదు

అంకెలు వేసి చూద్దాం, రేట్లు లెక్క కోసం అనుకున్నవే, ఊరూరికీ మారతాయి. మూతపడిన నెట్ సెంటర్ ఓనరు నాలుగో జనరేషన్ సీపీయూ ఒకటి ఊరికే ఇచ్చారు. డిస్క్ లేదు, ఎస్ఎస్‌డీకి 2,500. పాత మానిటర్ 1,500. కీబోర్డు, మౌస్ 500. సీపీయూలో వైఫై ఉండదు, డాంగిల్ 400. రావులపాలెం నుంచి రాజోలు బస్సులో వేసుకురావడానికి, ఆటోకి 200. తేదీ ప్రతిసారీ వెనక్కి పోతోంది కాబట్టి లోపల బిళ్ల బ్యాటరీ 50. మొత్తం 5,150. ఇంకా యూపీఎస్ లెక్కెయ్యలేదు.

కరెంటు కూడా చూడండి. డెస్క్‌టాప్, మానిటర్ కలిపి 100 వాట్లు అనుకుంటే రోజుకి ఐదు గంటలు వాడితే నెలకి 15 యూనిట్లు. ల్యాప్‌టాప్ 30 వాట్లు అనుకుంటే నాలుగున్నర యూనిట్లు. యూనిట్ 5 రూపాయలనుకుంటే ఏడాదికి తేడా 630. పెద్ద మొత్తమేం కాదు, ఫ్రీ అన్నది పూర్తిగా ఫ్రీ కాదని చెప్పడానికే.

అయినా డెస్క్‌టాప్‌ని కొట్టిపారెయ్యలేం. ఏ పార్టు పోయినా అదొక్కటే మార్చుకోవచ్చు, ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే అది ఒకచోట కదలకుండా ఉంటుంది, మెడ నొప్పి తక్కువ. మన దగ్గర తుఫాను రోజుల్లో, ఎండాకాలంలో కరెంటు పోయి వస్తుంటే మాత్రం ల్యాప్‌టాప్‌కి బ్యాటరీయే యూపీఎస్, ఆ ఒక్క కారణానికే చాలామంది ల్యాప్‌టాప్ వైపు మొగ్గుతారు. అయితే ఆ బ్యాటరీ బతికుండాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బ్యాటరీ రిపోర్ట్ తీస్తే రెండు అంకెలు కనపడతాయి, కొత్తలో ఎంత, ఇప్పుడెంత అని. కొత్తలో 50,000, ఇప్పుడు 31,000 అని ఉంటే 62 శాతం మిగిలినట్టు, కొత్తలో ఆరు గంటలొస్తే ఇప్పుడు నాలుగు గంటలకి కాస్త తక్కువ. "బ్యాకప్ సూపర్ అండి" అనే మాటకంటే ఈ రెండంకెలు నయం.

గోదావరి నీళ్లు తాగిన బోర్డులు

మన ప్రాంతానికి ప్రత్యేకమైన కారణం ఇది. 2022 జూలై వరదల్లో లంక గ్రామాల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చి రోజులతరబడి ఉండిపోయాయి. నీళ్లలో తడిసిన మెషీన్లు ఎండబెట్టుకుని స్విచాన్ అవ్వగానే అమ్మేసేవాళ్లుంటారు. సముద్రం దగ్గర ఊళ్లలో అయితే వరద కూడా అక్కర్లేదు, ఉప్పు గాలికే పోర్టులు తుప్పు పడతాయి.

తణుకులో ఒక సర్వీస్ షాపులో చూశాను, పెద్దాయనొకరు మనవడి కోసం నాలుగు వేలకి కొన్న ల్యాప్‌టాప్ చూపించడానికి తెచ్చారు. కుర్రాడు వెనక మూత విప్పాడు. చార్జింగ్ పిన్ దగ్గర బోర్డు మీద ఆకుపచ్చటి పొడి, ర్యామ్ స్లాట్ మూలన సన్నగా ఒండ్రు గీత, ఫ్యాన్ స్క్రూలు ఎర్రగా తుప్పు.

"స్విచాన్ అవుతోంది కదయ్యా?" అన్నారాయన.

"అవుద్దండి బాబాయ్‌గారు, ఇప్పుడవుద్ది. ఈ పచ్చది లోపల్లోపల తినేస్తా ఉంటది. సాలిడ్‌గా మూడు నెలలు వాడండి చాలు, తర్వాత నా చేతుల్లో లేదు."

"పైకి ఎంత బాగుందో చూడు మరి" అని ఆయన మూతని తిప్పి చూసుకుంటూనే ఉన్నారు.

బయట బాడీ తుడిస్తే మెరుస్తుంది, అందుకే నీటి కేసు పైనుంచి కనపడదు. స్క్రూల మీద తుప్పు, పోర్టుల్లో పచ్చదనం, కొన్ని కీబోర్డు బటన్లు మాత్రమే పనిచెయ్యకపోవడం, స్క్రీన్ అంచుల్లో మబ్బుగా మచ్చలు, ఇవే దొరికే ఆనవాళ్లు. వెనక మూత తీసి చూపించమంటే ఒప్పుకోని వాడి దగ్గర కొనడం ఎందుకండీ అంత అవసరం ఏమొచ్చింది.

తాళం పడ్డవి, ఎవరివో తెలియనివి

బండి కొంటే ఆర్సీ అడుగుతాం. సెల్ ఫోన్ అయితే ఐఎంఈఐ నంబర్‌తో సీఈఐఆర్ పోర్టల్లో బ్లాక్ అయిందో లేదో చూసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌కి అలాంటిది ఏదీ లేదు, వెనక సీరియల్ నంబర్ ఉంటుంది గానీ అది ఎవరి పేరున ఉందో మనకి చెప్పే ప్రభుత్వ లిస్టు లేదు. అందుకే దొంగ సొత్తు ఇందులో తేలిగ్గా కలిసిపోతుంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 317 దొంగ సొత్తు గురించే, తెలిసి లేదా తెలుసుకోదగ్గ కారణం ఉండి కొంటే మూడేళ్ల దాకా శిక్ష. నలభై వేల మెషీన్ ఆరు వేలకి, చార్జర్ లేకుండా, రాత్రిపూట ఇస్తానంటే ఆ "తెలుసుకోదగ్గ కారణం" మనమీద పడుద్ది.

ఇంకోరకం తాళం సాఫ్ట్‌వేర్‌ది. కంపెనీ ల్యాప్‌టాప్‌ల్లో స్విచాన్ అవ్వగానే అడిగే బయోస్ పాస్‌వర్డ్ ఉంటుంది, మెషీన్‌ని ఆ కంపెనీ పేరున కట్టేసే ఆటోపైలట్ అనే నమోదు ఉంటుంది. రెండోది చాలా చిత్రంగా ఉంటుంది: షాపులో ఇంటర్నెట్ లేకుండా చూపిస్తే మామూలుగా ఓపెన్ అవుద్ది, ఇంటికొచ్చి ఫార్మాట్ కొట్టి వైఫై కలపగానే "ఫలానా కంపెనీకి స్వాగతం, మీ ఆఫీస్ మెయిల్ ఇవ్వండి" అంటుంది. మ్యాక్‌బుక్‌లకైతే పాత ఓనరు ఐక్లౌడ్ లాక్. ఆ కంపెనీయో ఆ ఓనరో తీసేస్తే తప్ప సక్రమంగా పోయే దారి లేదు.

ఇక్కడ మన ఇళ్లలో జరిగేదొకటి చెప్పాలి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే అన్నయ్యో బావో "నా పాతది ఇస్తాలే" అంటారు. అది వాళ్లు కొనుక్కున్నదా, కంపెనీ ఇచ్చిందా అన్నది కాస్త మెల్లిగా కనుక్కోవడం మంచిది, కంపెనీదైతే ఇచ్చే హక్కు వాళ్లకీ లేదు.

ఆన్‌లైన్‌లో "ఆర్మీ ఆఫీసర్ని, ట్రాన్స్‌ఫర్ అయింది, కొత్త ల్యాప్‌టాప్ ఐదు వేలకిస్తా, ముందు కొరియర్ చార్జీలు పంపండి" అనేది ఎప్పట్నుంచో ఉన్న మోసమే. మనం అమ్మేటప్పుడైతే డబ్బులు పంపిస్తా క్యూఆర్ స్కాన్ చెయ్యమంటారు. డబ్బులు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. డబ్బులు పోయినవెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత త్వరగా చేస్తే అంత ఆశ.

గల్ఫ్ పెట్టెల్లో వచ్చేవి

కోనసీమలో కువైట్‌లోనో దుబాయ్‌లోనో మనిషి లేని వీధి తక్కువ. 18 ఏళ్లు దాటిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ని డ్యూటీ లేకుండా తెచ్చుకోవచ్చు, అందుకని అక్కడ వాడి వదిలేసినవి ఇక్కడికి వస్తుంటాయి. అమెరికాది అయితే కరెంటు 120 వోల్టులు కదా కాలిపోద్దేమో అని భయపడతారు. ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద 100-240 అని రాసి ఉంటే ఏ భయం లేదు, పిన్ను మార్చే చిన్న కన్వర్టర్ చాలు. డెస్క్‌టాప్ అయితే పవర్ సప్లై వెనక 115, 230 అని చిన్న స్విచ్ ఉండొచ్చు, దాన్ని చూడకుండా పెడితే నిజంగానే ఢాం అంటుంది. కీబోర్డు మీద అరబిక్ అక్షరాలు కలిసుంటే రేటు కొంచెం తగ్గించి అడగొచ్చు, వాడకానికి తేడా ఏం ఉండదు.

ప్రభుత్వం ఇస్తోందన్న మెసేజ్‌లు

విద్యార్థులందరికీ ఫ్రీ ల్యాప్‌టాప్, ఈ లింక్‌లో అప్లై చేసుకోండి అని వచ్చేవాటిని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాళ్లు చాలాసార్లు ఫేక్ అని తేల్చారు. ఆధార్, ఫోన్ నంబర్ లాగడానికే ఆ లింకులు. నిజం పథకాలు లేవని కాదు. తమిళనాడులో 2011 నుంచి విద్యార్థులకి ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు, మన దగ్గర 2022 డిసెంబర్లో ప్రభుత్వ స్కూళ్ల 8వ తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చారు. వీటి లక్షణం ఏంటంటే స్కూలు నుంచే పేర్లు వెళ్తాయి, వాట్సాప్ లింక్ నుంచి కాదు. అలా ఇచ్చిన ట్యాబ్, ల్యాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌లో కనపడితే చౌకే కానీ అది పిల్లల చదువుకిచ్చిన వస్తువు, కొనకపోవడమే మర్యాద.

బిల్లు కావాలంటే 18 శాతం ఎక్స్‌ట్రా అన్న మాట

షాపులో పన్నెండు వేలకి బేరం కుదిరాక బిల్లు అడిగితే "జీఎస్టీ 18 శాతం కలుపుతా, 2,160 అవుద్ది" అంటారు. కంప్యూటర్లకి 18 శాతం అన్నది నిజమే, కాకపోతే పాత సామాను వ్యాపారులకి జీఎస్టీ రూల్స్‌లో మార్జిన్ స్కీమ్ అని ఉంది. కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ (అప్పుడు కట్టిన జీఎస్టీని తర్వాత మినహాయించుకోవడం) తీసుకోకుండా, వస్తువు స్వరూపం మార్చకుండా అమ్మితే కొన్న రేటుకీ అమ్మిన రేటుకీ మధ్య తేడా మీదే పన్ను. తొమ్మిది వేలకి కొని పన్నెండు వేలకి అమ్మితే మూడు వేల మీద 18 శాతం, అంటే 540. క్రెడిట్ తీసుకుని ఉంటే మాత్రం ఈ లెక్క కుదరదు, పూర్తి రేటు మీద కట్టాల్సిందే. షాపువాడితో గొడవకి దిగమని కాదు, 2,160కీ 540కీ మధ్య మాట్లాడుకోవడానికి చోటుందని తెలిస్తే చాలు. సీరియల్ నంబర్ రాసిన బిల్లు చేతిలో ఉంటే ఇందాకటి దొంగ సొత్తు భయానికి కూడా అదే మందు.

అలాగే "విండోస్, ఆఫీస్ లైఫ్‌టైమ్ వేసిస్తా, రెండొందలు" అంటారు. విండోస్ 8 తర్వాత వచ్చిన బ్రాండెడ్ మెషీన్లలో చాలావాటికి లైసెన్స్ కీ బోర్డులోనే ఉంటుంది, మళ్లీ ఎక్కిస్తే నెట్ కలవగానే అదే యాక్టివేట్ అవుద్ది. క్రాక్ వేసినదాంట్లో మాత్రం వైరస్ కూడా ఫ్రీగా రావచ్చు. ఆఫీస్ బదులు లిబ్రేఆఫీస్ పెట్టుకుంటే ఆ రెండొందలు కూడా మిగులుతాయి.

పూర్తిగా చచ్చిపోయిన ల్యాప్‌టాప్ ఇంట్లో ఉన్నవాళ్లు దాన్ని పాత ఇనప సామానువాడికి కిలోల లెక్కన వేసేస్తుంటారు. ర్యామ్ ఈ రేట్లో ఉన్నప్పుడు ముందు వెనక మూత తీసి చూడండి. 8 జీబీ డీడీఆర్4 స్టిక్ ఒకటి దొరికితే రిపేర్ షాపువాడు తూకం రేటుకంటే ఎక్కువే ఇస్తాడు, లేదంటే పక్కింటి ఆరో జనరేషన్ మెషీన్‌కి అది సరిపోవచ్చు. చార్జర్, స్క్రీన్, కీబోర్డు కూడా అంతే, మోడల్ నంబర్ కలిస్తే కొనేవాళ్లుంటారు. హార్డ్ డిస్క్ మాత్రం అమ్మకండి, అందులో మీ ఫోటోలు, పాస్‌బుక్ స్కాన్లు డిలీట్ కొట్టినా ఉంటాయి.